సర్వర్‌లో ఫోల్డర్ తెరవగానే ఎక్స్‌ప్లోరర్ మూసుకుపోతోంది. పాత సర్వర్, ప్రెస్ డేటా అంతా అందులోనే ఉంది

గోదారిగట్టు – సోమవారం, ఉదయం 10.40

అందరికీ నమస్కారం. రాజమండ్రిలో మాకు ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. 2012లో కొన్న టవర్ సర్వర్ ఒకటి వాడుతున్నాం. విండోస్ సర్వర్ 2008 ఆర్2, ర్యామ్ 8 జీబీ, 1 టీబీ డిస్కులు రెండు రెయిడ్ 1లో (రెండింటిలోనూ ఒకే డేటా ఉండే పద్ధతి) ఉన్నాయి. ఐదు డీటీపీ సిస్టమ్‌లు దీని మీదే పనిచేస్తాయి. పంచాంగాలు, పెళ్లి కార్డులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, గుళ్ల పుస్తకాలు, పాత సీడీల నుంచి ఎక్కించినవి కూడా కలిపి ఇరవై ఏళ్ల పని డి డ్రైవ్‌లో ఉంది. ఎక్కువ భాగం పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైళ్లు, అను అనే తెలుగు ఫాంట్లలో చేసినవి.

గురువారం నుంచి సర్వర్ దగ్గర కూర్చుని 'పాత జాబులు' అనే ఫోల్డర్ తెరిస్తే, పైన అడ్రస్ బార్‌లో పచ్చ గీత సగం దాకా పాకి ఆగిపోతోంది. తర్వాత 'విండోస్ ఎక్స్‌ప్లోరర్ పనిచేయడం ఆగిపోయింది' అని వస్తుంది. టాస్క్‌బార్, ఐకాన్లు అన్నీ మాయమై ఉత్త నీలం తెర మిగులుతుంది. పది సెకన్లకు మళ్లీ అన్నీ వస్తాయి. ఏ ఫైల్ మీదైనా రైట్ క్లిక్ చేసినా ఇదే తంతు. మూడుసార్లు రీస్టార్ట్ చేశాను, లాభం లేదు.

శ్రావణ మాసం ముహూర్తాలు దగ్గరకొచ్చాయి. రోజుకు ఎనిమిది, పది కార్డుల పని ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

కొత్తపలక – సోమవారం, ఉదయం 10.58

అన్నా, కమాండ్ ప్రాంప్ట్ అడ్మిన్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ (విండోస్ ఫైళ్లను సరిచూసే కమాండ్) కొట్టండి. తర్వాత డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ కమాండ్ ఆర్ స్విచ్‌తో పెట్టి రీస్టార్ట్ చేయండి. నాకు ల్యాప్‌టాప్‌లో ఇలాగే వస్తే దాంతోనే పోయింది.

ఓరుగల్లు అడ్మిన్ – సోమవారం, ఉదయం 11.15

గోదారిగట్టు గారూ, చెక్‌డిస్క్ ఇప్పుడే పెట్టకండి. రీస్టార్ట్ కూడా ఇక చేయకండి.

కొత్తపలక తమ్ముడు చెప్పింది మామూలు సిస్టమ్‌కి సరైన సలహానే. కానీ ఇక్కడ డిస్కులకు పన్నెండేళ్లు దాటాయి. ఆర్ స్విచ్ పెడితే చెక్‌డిస్క్ డ్రైవ్‌లోని ప్రతి సెక్టారునూ చదువుతుంది, గంటల తరబడి. కొన ఊపిరితో ఉన్న డిస్కు ఆ పరుగులోనే పోవచ్చు. పైగా చదవలేని చోట ఫైల్‌సిస్టమ్‌ను తనకు తోచినట్టు సరిచేస్తుంది. ఫోల్డర్‌లో ఉండాల్సిన ఫైళ్లు ముక్కలై వేరే చోట తేలతాయి. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన డిస్కును ఆపి మళ్లీ వేస్తే తిరగకపోవడం నేను కళ్లారా చూశాను.

ముందు రెండు విషయాలు చెప్పండి. ఒకటి, డీటీపీ సిస్టమ్‌ల నుంచి అదే ఫోల్డర్ తెరుచుకుంటోందా? రెండు, బ్యాకప్ ఉందా, ఉంటే చివరిసారి ఎప్పుడు తీశారు?

గోదారిగట్టు – సోమవారం, ఉదయం 11.32

డీటీపీ సిస్టమ్‌ల నుంచి తెరుచుకుంటోందండి. పిల్లలు పొద్దుటి నుంచి పని చేస్తూనే ఉన్నారు. 'పాత జాబులు' మాత్రం వాళ్లకూ చాలా నిదానంగా వస్తోంది, కానీ మూసుకుపోవడం లేదు.

బ్యాకప్ సంగతి చెప్పడానికి బాధగా ఉంది. మూడు వారాల క్రితం ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ట్రయల్ వేశాను. గడువు అయిపోయింది, ఒక్క కాపీ కూడా పూర్తిగా తీయలేదు. అంతకు ముందు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసింది నిరుడు సంక్రాంతికి.

ఓరుగల్లు అడ్మిన్ – సోమవారం, ఉదయం 11.50

బాధపడకండి, ఇప్పుడైనా సమయం ఉంది. డీటీపీ సిస్టమ్‌లకు ఫైళ్లు వస్తున్నాయంటే పెద్ద ఊరట. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచేది సర్వర్ సర్వీస్, దానికీ ఎక్స్‌ప్లోరర్‌కూ సంబంధం లేదు. ఎక్స్‌ప్లోరర్ అనేది సర్వర్ ముందు లాగిన్ అయిన మనిషికి బొమ్మలు చూపించే ప్రోగ్రామ్ మాత్రమే. అది వందసార్లు పడిపోయినా పంపకం ఆగదు.

కాబట్టి సర్వర్ ముందు కూర్చోకండి. మీ దగ్గరున్న కొత్త సిస్టమ్‌కి యూఎస్‌బీ 3 పోర్టులో 2 టీబీ డిస్కు తగిలించి, అక్కడి నుంచి నెట్‌వర్క్ మీదుగా రోబోకాపీతో (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) లాగండి. సర్వర్‌కే తగిలిస్తే అది యూఎస్‌బీ 2, సెకనుకు 30 ఎంబీ రావడమే గగనం.

రోబోకాపీలో ఒక సంగతి తప్పక గుర్తుపెట్టుకోండి. చదవలేని ఫైల్ తగిలితే అది మామూలుగా పది లక్షల సార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి. ఒక్క చెడ్డ ఫైల్ దగ్గరే మీ జీవితం అయిపోతుంది. ఆర్ స్విచ్‌కి 1, డబ్ల్యూ స్విచ్‌కి 1 ఇవ్వండి. ఇంగ్లిష్ అక్షరం 'E' స్విచ్ కూడా పెడితే లోపలి ఫోల్డర్లన్నీ వస్తాయి. లాగ్ ఫైల్ తప్పనిసరి. మిర్ స్విచ్ జోలికి మాత్రం వెళ్లకండి. మూలంలో కనిపించని ఫైళ్లను అది గమ్యంలోనూ చెరిపేస్తుంది.

ముందు ఈ నెల పని, తర్వాత పంచాంగాలు, 'పాత జాబులు' చివర్లో. మంచి ఫోల్డర్లు ముందు ఒడ్డున పడాలి.

డీటీపీ అక్క – సోమవారం, మధ్యాహ్నం 12.20

తమ్ముడూ, ఇంకో మాట. ఫాంట్ల ఫోల్డర్ కూడా తీసుకో. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఏ అక్షరం ఏ కోడ్ దగ్గర కూర్చుందో ఆ ఫాంట్‌కే తెలుసు. ఫైల్ దక్కి ఫాంట్ పోతే తెర మీద పిచ్చి గుర్తులే కనిపిస్తాయి. గుంటూరులో మా పాత ఆఫీసులో ఫైళ్లన్నీ జాగ్రత్తగా కాపీ చేసి, ఫాంట్ల వెర్షన్ మారిపోయి, ఒత్తులన్నీ ఎక్కడెక్కడో పడి నెల రోజులు ప్రూఫులు దిద్దుకున్నాం. ఏ సిస్టమ్‌లో జాబు చేశారో ఆ సిస్టమ్‌లో ఉన్న ఫాంట్లే తియ్యి.

గోదారిగట్టు – సోమవారం, మధ్యాహ్నం 1.05

మొదలుపెట్టానండి. మొత్తం 412 జీబీ. అక్కా, ఫాంట్ల సంగతి నాకు తట్టనే లేదు. ఐదు సిస్టమ్‌ల నుంచీ విడివిడిగా తీస్తున్నాను.

లాగ్‌చూడు – సోమవారం, రాత్రి 9.10

కాపీ నడుస్తుండగా కారణం వెతుకుదాం. సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా) తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ చూడండి. 'అప్లికేషన్ ఎర్రర్' పేరుతో 1000 నంబరు ఈవెంట్లు ఉంటాయి. ఒక్కటి చాలదు, గురువారం నుంచి వచ్చినవన్నీ చూసి, ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు, ఎక్సెప్షన్ కోడ్ రాయండి. 1005 నంబరు కనిపిస్తే అందులో ఏముందో పూర్తిగా రాయండి.

గోదారిగట్టు – సోమవారం, రాత్రి 10.25

మొత్తం 31 ఉన్నాయి. 22 సార్లు మాడ్యూల్ ఎన్‌టీడీఎల్‌ఎల్, కోడ్ చివర 374. మిగతా 9 సార్లు మాడ్యూల్ షెల్32, కోడ్ చివర 006. ఆ తొమ్మిదింటి పక్కనే 1005 కూడా ఉంది. డి డ్రైవ్ 'పాత జాబులు'లో ఉన్న ఒక ఫాంట్ సెటప్ ఫైల్ పేరు చెప్పి, నెట్‌వర్క్ గానీ డిస్కు గానీ డ్రైవర్లు గానీ కారణం కావచ్చు అని రాసింది.

గూగుల్‌లో చూస్తే ఎన్‌టీడీఎల్‌ఎల్ ఫైల్ పాడైంది, కొత్తది దింపుకోమని ఉంది. దింపుకోమంటారా?

లాగ్‌చూడు – సోమవారం, రాత్రి 10.50

వద్దండీ, దయచేసి వద్దు. అలా డీఎల్‌ఎల్‌లు (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైళ్లు) దింపిపెట్టే సైట్ల నుంచి ఏదీ సర్వర్‌లో పెట్టకండి.

మీకు ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు.

చివర 374 ఉన్న కోడ్ అంటే ప్రోగ్రామ్ మెమరీని ఎవరో చెడగొట్టారని అర్థం. చెడగొట్టిన క్షణంలో ఏమీ కాదు. తర్వాతెప్పుడో ఆ మెమరీని ముట్టుకున్నప్పుడు విండోస్ కనిపెట్టి ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది. ఆ కనిపెట్టే కోడ్ ఎన్‌టీడీఎల్‌ఎల్‌లో ఉంటుంది, అందుకే ఆ పేరు పడుతుంది. వీధిలో ఎవరో గొయ్యి తవ్వి వెళ్లిపోయారు, ఆ దారిన వచ్చినవాడు పడ్డాడు. మనకు లాగ్‌లో కనిపిస్తున్నది పడ్డవాడి పేరు. తవ్వినవాణ్ణి వేరుగా వెతకాలి. రైట్ క్లిక్ చేసినప్పుడే వస్తోంది కాబట్టి నా అనుమానమంతా షెల్ ఎక్స్‌టెన్షన్ల మీద. రైట్ క్లిక్ మెనూలో తమ వరుస చేర్చడానికి జిప్ సాఫ్ట్‌వేర్లు, యాంటీవైరస్‌లు, బ్యాకప్ టూల్స్ తమ డీఎల్‌ఎల్‌ను నేరుగా ఎక్స్‌ప్లోరర్ లోపలికే ఎక్కిస్తాయి. వాటిలో ఒకటి తప్పు చేస్తే ఇల్లంతా కూలుతుంది.

చివర 006 అసలు వేరే సంగతి. డిస్కు నుంచి రావాల్సిన పేజీ రాలేదని దాని అర్థం. ఆ సెటప్ ఫైల్‌కు ఐకాన్ చూపించడానికి ఎక్స్‌ప్లోరర్ దాన్ని చదవబోయింది, డిస్కు ఇవ్వలేకపోయింది. నాకు భయమంతా దీని గురించే.

రెయిడ్ 1 అంటున్నారు. అంటే ఒక డిస్కులో చదవలేకపోతే కంట్రోలర్ రెండో దాంట్లోంచి తెచ్చి ఇవ్వాలి, విండోస్‌కి తెలియనే కూడదు. తెలిసిందంటే రెండో డిస్కు ఉందా అసలు? రేపు పొద్దున్నే సర్వర్ ముందువైపు డిస్కు ట్రేల దగ్గర లైట్లు చూడండి.

గోదారిగట్టు – మంగళవారం, ఉదయం 8.15

చూశాను. పై ట్రేలో లైటు పచ్చగా మినుకుతోంది. కింది ట్రేలో నారింజ రంగు, కదలకుండా వెలుగుతోంది. చెవి పెట్టి వింటే పై డిస్కులోంచి ఆగి ఆగి గోడగడియారంలా టక్, టక్ మంటోంది.

రెయిడ్ టూల్ తెరిస్తే 'డిగ్రేడెడ్' అని ఉంది. కింది డిస్కు ఏడు నెలల క్రితమే బయటికి పోయిందట. బీప్ శబ్దం వస్తుంటే యూపీఎస్ బ్యాటరీ అనుకుని మా వాళ్లు యూపీఎస్ వాడిని పిలిపించి బ్యాటరీలు కూడా మార్పించారు. తర్వాత ఎవరో శబ్దం ఆపేశారు. ఏడు నెలలుగా ఒంటి డిస్కు మీద నడుస్తున్నాం.

రాత్రి కాపీలో 19 ఫైళ్లు రాలేదు. అన్నిటికీ ఎర్రర్ 23, సైక్లిక్ రిడండెన్సీ చెక్. అన్నీ 'పాత జాబులు'లోవే. మిగతాదంతా వచ్చింది.

ఓరుగల్లు అడ్మిన్ – మంగళవారం, ఉదయం 8.40

మిగతాదంతా వచ్చింది అన్న మాట చదివి గుండె కుదుటపడింది.

ఇప్పుడు చాలామంది చేసే పొరపాటు, కొత్త డిస్కు పెట్టి రీబిల్డ్ మొదలుపెట్టడం. రీబిల్డ్ అంటే మిగిలిన ఒక్క డిస్కును మొదటి సెక్టారు నుంచి చివరిదాకా చదవడం. మీ పై డిస్కు ఆ బరువు మోయలేదు. కాపీ ఎలాగూ చేతిలో ఉంది, ఆ సర్వర్‌ను బతికించే పని మానేద్దాం. కొత్త ఫైళ్లు ఇక అందులో సేవ్ చేయొద్దని పిల్లలకు చెప్పండి. ఈ రోజుకు కాపీ తీసిన సిస్టమ్‌నే షేర్ చేసి నడిపించండి. ఆ ఎక్స్‌టర్నల్ డిస్కుకు సాయంత్రంలోగా ఇంకో కాపీ తీసి ఇంటికి తీసుకెళ్లండి.

డల్లాస్ తెలుగోడు – మంగళవారం, ఉదయం 9.05

ఇక్కడ రాత్రయింది, పడుకోబోతూ చూశాను. ఆ 19 ఫైళ్ల గురించి ఒక ఆలోచన. అవి పాత జాబులు కదా, ఏడు నెలల్లో ఎవరూ ముట్టుకుని ఉండరు. అంటే బయటికి పోయిన కింది డిస్కులో ఏడు నెలల కిందటి డేటా అలాగే ఉంది. కంట్రోలర్ ఒక డిస్కును తోసేసిందంటే అది పూర్తిగా చచ్చినట్టు కాదు. సమయానికి జవాబు ఇవ్వకపోయినా తోసేస్తుంది. ఈ 19 ఫైళ్లున్న చోట ఆ డిస్కు బాగానే ఉండొచ్చు.

కానీ దాన్ని ఆ సర్వర్‌లోనే తీసి మళ్లీ పెట్టకండి. కంట్రోలర్ దాన్ని కొత్త డిస్కుగా లెక్కేసి రీబిల్డ్ మొదలుపెట్టిందంటే పాత డేటా మీద రాసేస్తుంది. బయటికి తీసి, వేరే సిస్టమ్‌లో లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, గ్నూ డీడీరెస్క్యూ అనే టూల్‌తో మొత్తం డిస్కుకు ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీయండి. అది ముందు తేలిగ్గా వచ్చే చోట్లన్నీ చదివేసి, మొరాయించే సెక్టార్లను చివరికి వదిలిపెడుతుంది. మ్యాప్ ఫైల్ పేరు తప్పకుండా ఇవ్వండి, మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. తర్వాత వెతుకులాట అంతా ఇమేజ్‌లో చేయండి, డిస్కును మళ్లీ ముట్టుకోవద్దు.

కొన్ని కంట్రోలర్లు తమ సమాచారాన్ని డిస్కు చివర్లో రాసుకుంటాయి, అలాంటప్పుడు పార్టిషన్లు నేరుగా కనిపిస్తాయి. మీది అలాంటిదైతే పని సులువు.

లాగ్‌చూడు – మంగళవారం, ఉదయం 9.20

డల్లాస్ అన్నయ్య చెప్పినదానికి ఒక్క జాగ్రత్త. ట్రే లాగే ముందు రెయిడ్ టూల్‌లో ఫెయిలైన డిస్కు సీరియల్ నంబరు కాగితం మీద రాసుకోండి. లైటును నమ్మి లాగకండి. తీసిన డిస్కు స్టిక్కర్ మీద అదే నంబరు ఉందో లేదో చూసుకోండి. మీ సెకండ్ కాపీ పూర్తయ్యాక, సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి అప్పుడు తీయండి. బతికున్నదాన్ని లాగేసి ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

గోదారిగట్టు – మంగళవారం, రాత్రి 11.30

సెకండ్ కాపీ అయింది, ఇంట్లో బీరువాలో పెట్టాను.

షట్‌డౌన్ చేసే ముందు లాగ్‌చూడు గారు అనుమానించింది కూడా చూద్దామనిపించింది. షెల్ ఎక్స్‌టెన్షన్లన్నీ చూపించి ఆపనిచ్చే టూల్, నిర్‌సాఫ్ట్ వాళ్ల షెల్ఎక్స్‌వ్యూ 64 బిట్ రకం పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నడిపాను. మైక్రోసాఫ్ట్‌వి కానివి లేత గులాబీ రంగులో చూపించింది, 14 ఉన్నాయి. సగం ఆపి చూశాను, రైట్ క్లిక్ బాగుంది. అందులో సగం తిరిగి వేస్తే మళ్లీ పడింది. నాలుగో విడతకు దొరికింది. గడువు తీరిన ఆ బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌దే. అది ఒక్కటీ ఆపితే రైట్ క్లిక్ ఇరవైసార్లు చేసినా ఏమీ కాలేదు. 'పాత జాబులు' తెరిస్తే మాత్రం మునుపటిలాగే పడిపోయింది. రెండు జబ్బులన్న మాట అక్షరాలా నిజం.

సీరియల్ నంబరు సరిచూసుకుని కింది డిస్కు తీశాను. స్టిక్కర్ మీద నంబరు చదువుతుంటే చేతులు వణికాయి. డీడీరెస్క్యూ ఇప్పుడే మొదలైంది.

కొత్తపలక – బుధవారం, ఉదయం 7.50

అన్నా, నా సలహాతో మీ డేటా పోయి ఉండేది. క్షమించండి. ఒక డౌట్, మొదట రైట్ క్లిక్ ఒక్కటే సమస్య అయ్యుంటే, సర్వర్ కొత్తదై ఉంటే, ఎస్‌ఎఫ్‌సీ సరైనదేనా?

లాగ్‌చూడు – బుధవారం, ఉదయం 8.10

మీరు సాయం చేయాలనే చెప్పారు, అందులో తప్పేం లేదు. ఎస్‌ఎఫ్‌సీ విండోస్ సొంత ఫైళ్లనే సరిచూస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ వేసిన డీఎల్‌ఎల్ జోలికి పోదు, కాబట్టి ఈ కేసులో 'అంతా బాగుంది' అని చెప్పి ఊరుకునేది. ఇంకోటి, విండోస్‌ను బాగుచేసే డిజమ్ కమాండ్‌తో రీస్టోర్ హెల్త్ చేయమని అందరూ రాస్తారు కదా, అది విండోస్ 8, సర్వర్ 2012 నుంచే ఉంది. 2008 ఆర్2లో ఆ ఆప్షన్ లేదు. దీనికి సిస్టమ్ అప్‌డేట్ రెడీనెస్ టూల్ అని వేరుగా ఇచ్చారు.

ఓరుగల్లు అడ్మిన్ – బుధవారం, ఉదయం 9.00

గోదారిగట్టు గారూ, కొత్త సర్వరో నాస్ పెట్టెనో (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) కొనే ముందు చెప్పండి, మీ డీటీపీ సిస్టమ్‌లలో విండోస్ ఎక్స్‌పీ ఎన్ని ఉన్నాయి? ఎక్స్‌పీకి ఎస్‌ఎంబీ 1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచే పాత పద్ధతి) తప్ప రాదు. కొత్త పెట్టెల్లో అది మామూలుగా ఆపేసి ఉంటుంది. 2017లో వానాక్రై వైరస్ పాకింది ఆ దారిలోనే. పేజ్‌మేకర్ కోసమని దాన్ని తెరవకండి. మీ 2008 ఆర్2కి కూడా మామూలు సపోర్ట్ 2020 జనవరి 14తోనే అయిపోయింది, ఇంటర్నెట్ వైరు ఉంటే ఈ రోజే పీకేయండి.

గోదారిగట్టు – బుధవారం, ఉదయం 9.45

రెండు ఎక్స్‌పీలు ఉన్నాయండి. ఇంటర్నెట్ వైరు తీసేశాను.

డీటీపీ అక్క – బుధవారం, ఉదయం 10.30

పేజ్‌మేకర్ 7ను మేం విండోస్ 7 సిస్టమ్‌లో నడుపుతున్నాం, ఇబ్బంది లేదు. ఆ రెండింటినీ కూడా అలా మార్చేసుకో. పూర్తయిన ప్రతి జాబుకూ పీడీఎఫ్ తీసి పక్కన పెట్టుకో తమ్ముడూ. ఫాంట్లు లోపలే ఎంబెడ్ అయి ఉంటాయి కాబట్టి ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకుంటుంది. మేం ఇది మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది.

గోదారిగట్టు – రెండు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5.20

అందరికీ చెప్పాలని వచ్చాను. డీడీరెస్క్యూ 31 గంటలు నడిచింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, మ్యాప్ ఫైల్ ఉండబట్టి ఆగిన చోటి నుంచే సాగింది. పార్టిషన్లు నేరుగా కనిపించాయి. 19లో 16 ఫైళ్లు చెక్కుచెదరకుండా వచ్చాయి. పేజ్‌మేకర్‌లో ఒక్కొక్కటీ తెరిచి ప్రతి పేజీ చూశాం.

మిగిలిన మూడింటిలో ఒకటి ఆ ఫాంట్ సెటప్ ఫైల్, దాని సీడీ అల్మారాలో ఉంది. ఇంకోటి ఒక స్కూల్ ప్రశ్నపత్రం, ఇక అవసరం లేదు. మూడోది కోనసీమలో ఒక గుడి వాళ్లకు చేసిన 48 పేజీల స్తోత్రాల పుస్తకం. ఏటా కార్తీకంలో మళ్లీ వేయించుకుంటారు. అచ్చు ప్రతి ఉంది కానీ ఫైల్ లేదు.

కొత్త పెట్టె వచ్చింది, రెండు డిస్కులు. ఏదైనా పోతే నా ఫోన్‌కి మెయిల్ వచ్చేలా పెట్టాను. ఒక డిస్కు లాగి చూస్తే రెండు నిమిషాల్లో మెయిల్ వచ్చింది. పాత సర్వర్ మూల పెట్టాం. శ్రావణ మాసం కార్డులు ఒక్కటి కూడా ఆలస్యం కాలేదు.

ఓరుగల్లు గారూ, ఆ రోజు మీరు రీస్టార్ట్ చేయొద్దనకపోతే నాలుగోసారి చేసేవాణ్ణే. ఇమేజ్ తీశాక పై డిస్కును ఒకసారి పెట్టి చూశాను. తిరగలేదు.

డీటీపీ అక్క – ఆదివారం, సాయంత్రం 6.05

చాలా సంతోషం తమ్ముడూ. ఆ 48 పేజీల పుస్తకం అచ్చు ప్రతి స్కాన్ చేసి నాకు పంపు. ఈసారి యూనికోడ్‌లోనే కొడతాను. కార్తీకానికి ఇంకా టైముంది.

గోదారిగట్టు – ఆదివారం, సాయంత్రం 6.30

అక్కా, మొదటి 12 పేజీలు మా ఆపరేటర్ అమ్మాయి కొట్టేసింది. 13 నుంచి రేపు పొద్దున పంపిస్తాను.